కంటికి కనబడనిది అదృష్టం

బెంగళూరు నగరానికి తూర్పు దిక్కున, వైట్‌ఫీల్డ్ నుంచి వర్తూరు ఊళ్ళోకి వెళ్ళే దారిలో, వర్తూరు కోడి అనే కూడలి ఉంది. కొత్తగా వచ్చిన తెలుగువాడికి ఈ పేరు వినగానే పుంజూ, దాని వెనకే సంక్రాంతి పందెమూ గుర్తుకు వస్తాయి. ఇక్కడి కోడికి రెక్కలు లేవు. కన్నడంలో కోడి అంటే చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే చోటు. దాన్నే మనం అలుగు అంటాం, కొన్ని సీమల్లో కలుజు అంటాం. బెళ్ళందూరు చెరువు నుంచి వచ్చే నీరు వర్తూరు చెరువులో చేరుతుంది. అక్కడి నుంచి దక్షిణ పినాకిని నదిలో కలిసి తమిళనాడు వైపు సాగిపోతుంది.

ఒకప్పుడు ఇటువంటి చెరువుల కింద వరి పండించుకున్న రైతుకు, అలుగు పారిన ఏడు మంచి ఏడు. అలుగు పారడమంటే అదృష్టం. చెరువు నిండకపోతే దురదృష్టం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడే కుటుంబాలు బెంగళూరు తూర్పు పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఈ మాటకు భాష మార్చుకోవలసిన అవసరం పడదు. మనం అదృష్టం అంటే కన్నడిగులు అదృష్ట అంటారు. చెరువు నీటి వెంట ఇంకాస్త దిగువకు పోతే తమిళులు అదిర్ష్టం అంటారు. మూడు భాషలవారూ రోజుకు ఎన్నిసార్లో పలికే ఈ మాట ఎక్కడ పుట్టింది? మొదట దాని అర్థం ఏమిటి? మన దాకా వచ్చేసరికి అది ఎలా మారింది? ఈ ప్రసంగంలో ఈ సంగతులు కొంచెం తీరికగా చూద్దాం. మాట చరిత్ర తెలిస్తే ఏమిటి లాభం అని మీరు అడగవచ్చు. లాభం ఉంది. అది చివర్లో మనవి చేస్తాను.

మాటను విడదీసి చూడండి. దృష్టం అంటే చూడబడినది. అదృష్టం అంటే చూడబడనిది, కంటికి కనబడనిది. అంతే. ఇందులో మంచి అనే అర్థం ఎక్కడా లేదు, చెడు అనే అర్థమూ లేదు. డబ్బు దొరకడం, పరీక్ష గట్టెక్కడం, ప్రమాదం తప్పిపోవడం, ఇవేవీ ఆ మాట పుట్టినప్పుడు దాని ఒళ్ళో లేవు.

కణాద మహర్షి పేరున ఉన్న వైశేషిక సూత్రాలలో ఈ మాట శాస్త్రీయమైన పారిభాషిక పదం. వైశేషికులు ప్రకృతిని పరిశీలించి, ప్రతి కదలికకూ కారణం వెతికినవారు. రాయి విసిరితే కదిలింది. ఎందుకు? చెయ్యి తోసింది గనుక. పండు కింద పడింది. ఎందుకు? బరువు గనుక. మరి సూదంటురాయి వైపు సూది ఎవరూ తోయకుండానే ఎందుకు పోతున్నది? మంట ఎప్పుడూ పైకే ఎందుకు లేస్తున్నది? గాలి అడ్డంగా ఎందుకు వీస్తున్నది? సృష్టి ఆరంభంలో పరమాణువులు మొట్టమొదట ఎందుకు కదిలాయి? వీటికి కారణం ఉన్నది, కాని అది కంటికి కనబడటం లేదు. ఆ కనబడని కారణానికి వారు పెట్టిన పేరు అదృష్టం. ఇప్పటి బడిపిల్లలు అయస్కాంత శక్తి అని చెప్పేదాన్ని ఆనాటి పండితుడు అదృష్టం అన్నాడన్నమాట.

ఒక్క క్షణం ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ పండితుడు కారణం లేదు అనలేదు. కారణం ఉన్నది, మనకు కనబడలేదు అన్నాడు. ఈ రెండు మాటలకూ మధ్య చాలా దూరం ఉంది.

మీమాంసకులు ఈ మాటనే మరో పనికి వాడుకున్నారు. వడ్లు దంచితే ఊక పోయి బియ్యం వస్తాయి. అది దృష్ట ఫలం, కళ్ళ ముందు కనబడే ఫలితం. యజ్ఞం చేస్తే ఎప్పుడో కాలాంతరంలో స్వర్గం వస్తుందంటారు. అది ఇప్పుడు కనబడదు కాబట్టి అదృష్ట ఫలం. చేసిన పనికీ, రాబోయే ఫలానికీ నడుమ ఏదో ఒక శక్తి నిలిచి ఉండాలి గదా అని, దానికి అపూర్వం అని ఇంకో పేరు కూడా పెట్టారు. ఈ దారిలోనే అదృష్టం అన్న మాట కర్మ సిద్ధాంతంతో కలిసింది. పూర్వం చేసిన పుణ్యపాపాలు కంటికి కనబడకుండా మన వెంట వచ్చి, సమయం చూసుకుని ఫలితాలిస్తాయన్న భావం దానికి అంటుకున్నది. అప్పటికీ అది రెండు వైపులా పదునున్న మాటే. మంచి ఫలితం అదృష్టం వల్లనే, చెడు ఫలితమూ అదృష్టం వల్లనే.

తరవాత వాడుకలో చెడు పక్కకు జారిపోయింది, మంచి ఒక్కటే మిగిలింది. చెడు చెప్పడానికి దురదృష్టం అని ఇంకో మాట కట్టుకోవలసి వచ్చింది. పండితుల చేతిలో కారణానికి పేరుగా ఉన్న మాట, సంతలోకి వచ్చేసరికి ఫలితానికి పేరయింది. ఇంకా చిత్రం ఏమిటంటే, కారణాన్ని వెతకమని గుర్తుచేసే మాట, వెతకనక్కరలేదు అని చెప్పడానికి పనికివచ్చే మాటగా మారింది. వాడికి అదృష్టం ఉంది, వచ్చింది అంటాం. ఇక ఆ సంభాషణ అక్కడితో సరి.

అదృష్టానికి చుట్టాలు చాలామంది ఉన్నారు. వారిలో పెద్దది భాగ్యం. ఇది భాగం అనే మాట నుంచి వచ్చింది. భాగ్యం అంటే మన వంతుకు వచ్చినది. వేదకాలంలో భగుడు అనే దేవత ఉన్నాడు. అందరికీ వారి వారి వాటాలు పంచేవాడు ఆయన. భగవంతుడు అన్న మాట కూడా ఈ కుదుటిలోనిదే. పంచేవాడికి కళ్ళు లేవని బ్రాహ్మణ గ్రంథాల నాటికే ఒక నానుడి ఏర్పడింది. దక్షయజ్ఞం నాడు వీరభద్రుడు భగుడి కళ్ళు పెరికాడని పురాణాలు కథ చెబుతాయి. రోములో ఫార్చ్యూనా అనే అదృష్టదేవతను కూడా గుడ్డిదని చెప్పుకునేవారు. ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవారికీ మనకూ ఒకే అనుమానం వచ్చిందన్నమాట. పంపకం ఇంత అన్యాయంగా ఉంటే, పంచేవాడికి చూపు ఉండే అవకాశం లేదు!

వాటా అనే ఈ ఊహ ఒక్క సంస్కృతానిది కాదు. తెలంగాణ పల్లెల్లో నా నసీబు ఇట్లున్నది అంటారు. నసీబ్ అనే అరబ్బీ మాటకు అర్థం వంతు. కిస్మత్తు కూడా అరబ్బీదే, పంచిపెట్టడం నుంచి పుట్టినదే. గ్రీకులు విధికి మొయిరా అని పేరు పెట్టారు, దాని అర్థమూ వాటాయే. మన అచ్చ తెలుగు సంగతి చూడండి. పాలు అంటే వాటా. అన్నదమ్ముల పాలు, పాలివాళ్ళు అంటాం. ఆ మాట నుంచే నా పాలిట అన్నది పుట్టింది. నా పాలిట దేవుడు, నా పాలిట శని అన్నప్పుడు మనం తెలియకుండానే పొలం పంపకాల భాషలో విధిని గురించి మాట్లాడుతున్నాం. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు లోకం సుఖదుఃఖాలను పంచుకుంటుందని, భాష తెలియని భాషలవారు కూడా అనుకున్నారు.

ఇంకో తెగ మాటలు రాతకు సంబంధించినవి. తలరాత, నుదుటిరాత, నొసటి వ్రాత. కన్నడంలో హణెబరహ అంటే నుదుటి రాతే. తమిళంలో తలైయెళుత్తు అంటే తలరాతే. ఇవి వాటా మాటలకన్నా కఠినమైనవి. వాటా గురించి తగవు పెట్టుకోవచ్చు, పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళవచ్చు. రాసిన రాతను ఎవరు చెరపగలరు?

అంతా రాసిపెట్టి ఉందని గట్టిగా నమ్మిన ఒక మతమే మన దేశంలో ఉండేది. బుద్ధుడి కాలంవాడైన మక్ఖలి గోసాలుడు ఆజీవకులకు గురువు. దారపు ఉండను విసిరితే, దారం ఉన్నంత మేర విడుతూ పోయి ఆగుతుంది. జీవుడి ప్రయాణమూ అంతే, మధ్యలో మనిషి ప్రయత్నం వల్ల పొడుగూ కాదు, పొట్టీ కాదు అని వారి వాదమని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. దీన్ని నియతి అన్నారు. ఉత్తరాదిన వారు అడుగంటిపోయినా దక్షిణాదిలో చాలాకాలం నిలిచారు. తమిళ దేశంలోనూ, వర్తూరుకు తూర్పున ఉన్న కోలారు ప్రాంతంలోనూ పద్నాలుగో శతాబ్దం దాకా వారి జాడ ఉన్నదని శాసనాలను బట్టి చరిత్రకారులు చెబుతున్నారు. ఆ శాసనాలు వారిమీద వేసిన పన్నును పేర్కొంటాయి. ప్రయత్నం వల్ల ఏమీ మారదని నమ్మినవారికి కూడా పన్ను కట్టడం తప్పలేదు!

ఇప్పటిదాకా చెప్పిన మాటలన్నీ ఎవరో పంచారు, ఎవరో రాశారు, ఏదో కనబడని కారణం ఉంది అనేవే. కాని నిజంగా ఏ కారణమూ చెప్పలేని కలయికలు ఉంటాయి గదా? వాటికీ మనవాళ్ళు పేర్లు పెట్టారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి బరువుకు పండు రాలలేదు, పండు కోసం కాకి రాలేదు. అది కాకతాళీయం. పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన కాశికావృత్తిలో ఈ మాట ఉదాహరణగా ఉంది. దాని పక్కనే మేకా కత్తీ కలిసిన ఇంకో ఉదాహరణ కనబడుతుంది. మేక మెడ దురద తీర్చుకుందామని రుద్దుకున్నది కత్తికి! పురుగు కొయ్యను తొలుచుకుంటూ పోతే ఆ గీత అచ్చం అక్షరంలా కనబడవచ్చు. దాన్ని ఘుణాక్షర న్యాయం అన్నారు. పురుగుకు చదువు వచ్చినట్టు కాదు. శ్వేతాశ్వతరోపనిషత్తు జగత్తుకు కారణం ఏమిటని ప్రశ్నించి, కాలమా, స్వభావమా, నియతియా అంటూ, ఆ వరసలోనే యదృచ్ఛను కూడా పేర్కొన్నది. మన లెక్కల పుస్తకాల్లో యాదృచ్ఛికం అని చదువుకునే మాట అక్కడిదే.

తెలుగు పల్లె నోట ఇవే సంగతులు ఇంకా తేటగా పలుకుతాయి. గాలివాటంగా దొరికింది అంటాం. తూర్పారబట్టేటప్పుడు పొట్టు గాలి ఎటు వీస్తే అటు పోతుంది. పడవా అంతే. ఈ ఏడు మాకు కలిసొచ్చింది అంటాం. కలిసి రావడమంటే వాన, ధర, మనిషి ఆరోగ్యం, అన్నీ ఒకే సమయంలో కూడి రావడం. కన్నడిగులు కూడి బంతు అనేదీ ఇదే. ఆ ఇల్లు వాళ్ళకు అచ్చొచ్చింది అంటాం. అమాంతం బాగుపడినవాణ్ణి నక్క తోక తొక్కివచ్చావా అని వేళాకోళం చేస్తాం. చెడు వరసగా వస్తే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు అంటాం. సంస్కృతం తాటిపండును కాకి కింద రాల్చింది, తెలుగు దాన్ని నక్క నెత్తిన వేసింది.

రాలడం, పడటం అన్న ఊహ ఇంగ్లీషులోనూ ఉంది. మనం ఇంట్లో మాటలా వాడుకునే ఛాన్సు అనేది ఫ్రెంచి భాష గుండా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మూలం లాటినులో పడటం అని అర్థమిచ్చే క్రియ. పాచిక పడిన తీరే ఛాన్సు. లక్కు అనేది డచ్చి వైపు నుంచి వచ్చిన మాట, అదీ మొదట జూదగాళ్ళ వాడుకలోదే. ఒక ముచ్చట చూడండి. మన భాషలో లాటరీ తగిలింది అంటాం, రాయి తగిలింది అని కూడా అంటాం. రెండూ మన మీద వచ్చి పడేవే.

జూదం మాట వచ్చింది కాబట్టి పాచికల దగ్గరికి వెళదాం. మొహంజొదారో, హరప్పా తవ్వకాలలో ఆరు ముఖాల పాచికలు దొరికాయి. వేదకాలంలో పాచికలకు బదులు ఒక చెట్టు కాయలు వాడారు. సంస్కృతంలో దాన్ని విభీతకం అంటారు. మీకు అది బాగా తెలిసిన కాయే. కరక్కాయ, ఉసిరికాయలతో కలిపి త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ. గుప్పెడు కాయలు తీసి నాలుగేసి చొప్పున లెక్కపెడితే ఏమీ మిగలకపోవడం కృతం, అది గెలుపు. మూడు మిగిలితే త్రేత, రెండు మిగిలితే ద్వాపరం, ఒకటి మిగిలితే కలి, అది ఓటమి. మన యుగాలకూ ఈ పందేలకూ పేర్లు ఒకటే. కలియుగం అన్నప్పుడల్లా మనం ఓడిపోయిన పందెం పేరే తలుచుకుంటున్నాం.

మహాభారతంలో నలుణ్ణి పట్టుకున్న కలి ఈ కలియే. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, మారువేషంలో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా చేరాడు. ఒకనాడు రథం మీద పోతూ ఋతుపర్ణుడు దారిలోని తానిచెట్టును చూపి, రెండు కొమ్మల మీద ఐదు కోట్ల ఆకులు, రెండువేల తొంభయి అయిదు కాయలు ఉన్నాయని చెప్పాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. ఇదెలా సాధ్యమని అడిగితే, నాకు అక్షహృదయం తెలుసు, సంఖ్యాశాస్త్రంలో నిపుణుణ్ణి అన్నాడు రాజు. పాచికల రహస్యమూ, చెట్టును చూసి ఆకులు లెక్కకట్టే నేర్పూ ఒకే విద్య అని ఆ కథ చెప్పకనే చెబుతున్నది. నలుడు ఆ విద్య నేర్చుకున్న మరుక్షణం కలి అతని ఒంట్లో నుంచి బయటకు వచ్చి ఆ తానిచెట్టునే ఆశ్రయించాడు. కలి పోవడానికి నలుడు నేర్చుకోవలసి వచ్చింది లెక్క. ఆ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

పాశ్చాత్య దేశాలలో ఈ లెక్క శాస్త్రంగా రూపు కట్టింది 1654లో. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎలా పంచాలి అనే ప్రశ్న మీద పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచి గణితవేత్తలు ఉత్తరాలు రాసుకున్నారు. 1713లో బెర్నూలీ గ్రంథం వెలువడింది. కొద్ది సార్లు చూస్తే గందరగోళంగా కనబడేది, చాలాసార్లు చూస్తే ఒక క్రమానికి వస్తుందని అందులో నిరూపించాడు. తెలుగులో మనం దీన్ని సంభావ్యత అంటున్నాం.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు, అష్టాచెమ్మ చాలు. కన్నడిగుల చౌకాబారా దీని తోబుట్టువే. ఒక పక్క అరగదీసిన నాలుగు చింతగింజలు తీసుకోండి. ప్రతి గింజా తెల్లగానో నల్లగానో పడటానికి సమానావకాశం ఉందనుకోండి. మొత్తం 16 రకాలుగా పడవచ్చు. వాటిలో నాలుగూ తెల్లగా పడేది ఒకటే, అది చెమ్మ. నాలుగూ నల్లగా పడేదీ ఒకటే, అది అష్ట. రెండు పడే రకాలు ఆరు. అందుకే మనకు రెండు అన్నిసార్లు పడి విసిగిస్తుంది. పదిహేనుసార్లు వేసినా అష్ట పడలేదు కాబట్టి ఈసారి తప్పక పడుతుందని పిల్లలు అనుకుంటారు. చింతగింజకు జ్ఞాపకం లేదు. పదహారోసారి కూడా దానికి పదహారింట ఒక్క వంతే. ఈ ఒక్క ముక్క మరిచిపోయి ఇళ్ళు అమ్ముకున్నవారు నలుడి నాటి నుంచి నేటి దాకా ఉన్నారు.

యాదృచ్ఛికాన్ని తిట్టుకోవడం మానేసి పనిలో పెట్టుకోవచ్చని చూపినవారిలో మన తెలుగు బిడ్డ ఒకరున్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకానికి సి. ఆర్. రావు గారు. ఆయన 1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలో ఉన్న హూవిన హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1945లో, ఇరవై అయిదేళ్ళ వయసులో రాసిన వ్యాసంతో ప్రపంచ గణాంక శాస్త్రంలో ఆయన పేరు స్థిరపడింది. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నారు, ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. 1989లో వచ్చిన ఆయన ప్రసంగాల పుస్తకం పేరుకు అర్థం, గణాంకాలూ సత్యమూ, ఛాన్సును పనిలో పెట్టడం. కోట్లమంది ఉన్న దేశంలో అందరినీ అడగకుండా, ఇష్టాయిష్టాలు కలపకుండా, యాదృచ్ఛికంగా కొందరిని ఎంచి అడిగితే మొత్తం సంగతి తెలుస్తుంది. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే నడిచింది ఈ సూత్రం మీదనే. రెండు కొమ్మలు చూసి చెట్టు లెక్క చెప్పిన ఋతుపర్ణుడు అక్కడ మళ్ళీ కనబడతాడు.

ఇక కోర్టుల దాకా పోయిన సంగతి ఒకటి చెప్పాలి. పేకాట అదృష్టమా, నేర్పా? సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో ఆడిన రమ్మీ మీద కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడుస్తుంది, రమ్మీ అలా కాదు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో నేర్పు పాలే ఎక్కువ అని న్యాయస్థానం తేల్చింది. క్లబ్బు నడిపేవారు ఆ ఆట మీద లాభం గుంజుకుంటే మాత్రం సంగతి వేరు అని కూడా చెప్పింది. దేశమంతటా ఆ తరవాతి ఎన్నో కేసులకు ఈ తెలుగునాటి కేసే దారి చూపింది.

అయిదు దశాబ్దాల తరవాత ఆ రమ్మీ క్లబ్బు నుంచి చేతిలోని ఫోనులోకి వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. లాటరీలను 2007లోనే ఆపేసిన కర్ణాటక, 2021లో ఈ ఆటల మీద చట్టం తెచ్చింది. అందులోని ముఖ్యమైన సెక్షన్లను 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. నేర్పు ఆటకూ అదృష్టం ఆటకూ తేడా చూడాలన్నదే అక్కడి వాదానికి ఆయువుపట్టు. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పా అదృష్టమా అన్న విచారణే పెట్టుకోకుండా, డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. ఒక్క మాట అర్థం మీద ఇన్ని ఇళ్ళ దీపాలు ఆధారపడి ఉన్నాయి.

నిషేధాల సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో లెక్క మనమే వేసుకోవాలి. ఒక లాటరీలో లక్ష టికెట్లు, టికెట్టు రూపాయి, బహుమతులన్నీ కలిపి అరవై వేలు అనుకోండి. అదృష్టం మీద నాకు నమ్మకం లేదు, నాకే తగలాలి అని మీరు లక్ష టికెట్లూ కొన్నారు. బహుమతులన్నీ మీవే. చివరకు మీకు మిగిలింది నలభై వేల నష్టం! అదృష్టవంతుడైన ఒక్కడి పేరు పత్రికలో పడుతుంది. మిగతా తొంభయి తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభయి తొమ్మిది మంది కనబడరు. చూడబడనివారు. అసలైన అర్థంలో అదృష్టులు వాళ్ళే.

ఇప్పుడు మళ్ళీ వర్తూరుకు వద్దాం. ఈ వైపు పల్లెల్లో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకోండి. తండ్రి పొలం చెరిసగం పంచుకున్నారు. అన్న కూతురి పెళ్ళి కోసం 1990 ప్రాంతంలో తన పాలు అమ్మేశాడు. తమ్ముడి పాలు మీద దావా ఉండి అమ్ముదామన్నా అమ్ముడుపోలేదు. తరవాత వైట్‌ఫీల్డ్‌లో టెక్ పార్కు వచ్చింది, రోడ్లు వచ్చాయి, భూమి ధర ఆకాశానికి లేచింది. తమ్ముడిది అదృష్టం, అన్నది తలరాత అని ఊరు తీర్పు చెబుతుంది. దావా పడిననాడు ఆ తమ్ముణ్ణే దురదృష్టవంతుడన్నారు గదా, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇందులో యాదృచ్ఛికం ఉంది, కాదనను. దావా తీరే రోజూ, ధర లేచే రోజూ కాకీ తాటిపండూ వంటివే. కాని కారణాలూ ఉన్నాయి. రాబోయే రోడ్డు గురించి ముందే తెలిసినవాడు ఒకడు ఉండే ఉంటాడు. అన్నకు అది తెలియలేదు. ఆడపిల్ల పెళ్ళికి భూమి అమ్మవలసి రావడం ఏ నక్షత్రమూ చేసిన పని కాదు, మనం పెట్టుకున్న ఆచారం చేసిన పని. తలరాత అన్న మాటతో ఆ అన్న మనసు కొంత కుదుటపడుతుంది, అది మంచిదే. ఎదుటివాడి కష్టాన్ని చూసి మనం ఆ మాట అనడం మాత్రం వేరు. అప్పుడు మనం కారణాన్ని చూడకుండా కళ్ళు మూసుకుంటున్నాం.

వర్తూరు కోడి దగ్గర 2015లో తెల్లటి నురగ గుట్టలుగా లేచి, గాలికి ఎగిరి రోడ్డు మీద పడింది. ఆ దారిన పోయేవారి ముఖాల మీదా బళ్ళ మీదా పడింది. దేశమంతా ఆ బొమ్మలు చూసింది. అలుగు పారితే పండగ చేసుకున్న చోటనే జనం ముక్కు మూసుకుని నడవవలసి వచ్చింది. దాన్ని ఊరి దురదృష్టం అనవచ్చు. కాని శుద్ధి చేయని మురుగునీరూ, లక్షల ఇళ్ళలో బట్టలు ఉతికిన సబ్బునీళ్ళూ చెరువులో చేరి, అలుగు దగ్గర ఎత్తు నుంచి పడి చిలికినట్టయితే నురగ లేవక ఏం చేస్తుంది? ఎవరి కవ్వంతో వారు ఇంట్లో రోజూ చేసే పనే అది. కనబడని కారణం కాదు, చూడని కారణం.

మొదట్లో నేను చెబుతానన్న లాభం ఇదే. అదృష్టం అనే మాటను వదిలెయ్యమని నేను చెప్పడం లేదు. మన అవ్వలూ తాతలూ పలికిన మాట, మూడు భాషలవారూ పలికే మాట, ఎలా వదులుతాం? దాని అసలు అర్థం మాత్రం మరిచిపోవద్దు. ఈసారి మీ నోట ఆ మాట వచ్చినప్పుడు, మీ ఇంట్లో పిల్లలు వింటూ ఉంటే, ఇంకో ప్రశ్న కూడా కలపండి. ఇందులో మనకు కనబడనిది ఏమిటి? వెతికితే కనబడేదా? కనబడితే దాన్ని మార్చుకోవచ్చు. ఎంత వెతికినా కనబడకపోతే, అది కాకీ తాటిపండూ వంటిదే అయితే, కనీసం లెక్క వేసుకోవచ్చు. నలుడికి పట్టిన కలి ఆ లెక్కతోనే వదిలింది.